పదహారో ప్రశ్నకు జవాబు

ఆ ఇంటి గేటుకు ‘ఇల్లు అమ్మబడును’ అన్న అట్ట వేలాడుతుండగా మొదట చూసింది డ్రైవరమ్మే. నాలుగేళ్ళుగా రోజుకు ఆరుసార్లు ఆ మలుపులో సిటీ బస్సు తిప్పుతోంది కాబట్టి ఆ ఇల్లు ఆమెకు కొత్త కాదు. ఆకుపచ్చ తలుపులు, పైన ఒక గది, ముందు సైకిలు పట్టేంత వరండా. ఆ రోజు మాత్రం మలుపు దాటాక బస్సు ఆపవలసిన చోట ఆపడం మరిచిపోయి, వెనకనుంచి నలుగురు ప్రయాణికులు ఒక్కసారిగా అరిస్తే గానీ ఈ లోకంలోకి రాలేదు.

పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆమె ఏడు అద్దె ఇళ్ళు మారింది. భర్త రొట్టెల బట్టీలో పనిచేస్తాడు. ఊరు లేవకముందే రొట్టె సిద్ధం కావాలి కనుక ఆయన నిద్రపోయేది పగలు. పగలు చీకటిగా, చడీచప్పుడూ లేకుండా ఉండే గది ఒకటి కావాలి. అత్తగారికి మెట్లు ఎక్కే పని ఉండకూడదు. డ్రైవరమ్మకు మాత్రం ఒకటే కోరిక. ఇక సామాను మూటలు కట్టకూడదు. ఇప్పుడున్న ఇంటి ఓనరు తన కూతురు వస్తోందని, నెలాఖరుకు ఖాళీ చేయమని చెప్పి వారం అయింది.

ఇల్లు అమ్ముతున్నాయన రిటైరయిన డ్రాయింగు మేష్టారు. మేడ మీది పడకగదికి వెళ్ళడం భార్య మోకాళ్ళ వల్ల కావడం లేదని, కింది అంతస్తులో ఒక ఫ్లాటు చూసుకున్నారు. బేరం రెండు మాటల్లో తేలిపోయింది. మేష్టారికి డ్రైవరమ్మ నచ్చింది. వెనక గది చూసి “ఇందులో మా ఆయన హాయిగా పడుకుంటాడు” అని ఆమె అనగానే ఆయన భార్య కళ్ళు మెరిశాయి. ఆ గది కట్టించింది ఆవిడేనట.

ఇక మిగిలింది కాగితాల పని. దానికి లాయరమ్మను పెట్టుకున్నారు. ముప్పై ఏళ్ళు దాటని మనిషి, మాట్లాడేటప్పుడు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంటుంది. మొదటి రోజే ఒక ప్రశ్నల కాగితం బయటికి తీసింది. అమ్మేవాళ్ళు తమ చేతిరాతతో జవాబులు రాసి సంతకం చేయాల్సిన కాగితం అది. నలభై రెండు ప్రశ్నలు. దస్తావేజు ఎవరెవరి పేర్ల మీద ఉంది? ఇంట్లో ఇంకెవరైనా ఉంటున్నారా? తర్వాత కట్టిన గదులకు అనుమతి ఉందా? ఏ వైపు గోడ ఎవరిది? ఫ్యాన్లు, బీరువాలు, నీళ్ళ ట్యాంకు ఇంటితోపాటు వస్తాయా, తీసుకెళ్తారా?

అత్తగారు కళ్ళజోడు సవరించుకుని కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

“మా అబ్బాయిని ఉద్యోగంలో చేర్చుకున్నప్పుడు కూడా ఇన్ని ప్రశ్నలు వేయలేదమ్మా” అంది.

“ఉద్యోగం నచ్చకపోతే మానేయొచ్చు పెద్దమ్మగారూ. ఇల్లు అలా కాదు. ఇవాళ అడగని ప్రశ్న రేపు మీ గుమ్మంలో వచ్చి కూర్చుంటుంది” అంది లాయరమ్మ.

మేష్టారి జవాబులు నాలుగు రోజుల్లో వచ్చాయి. ముత్యాల్లాంటి అక్షరాలు. ఏ అలమారా వదిలిపెడుతున్నారో, ఏ దీపం తీసుకెళ్తున్నారో పదకొండు పంక్తులు రాశారు. వంటింటి కుళాయి ఎటు తిప్పితే మొరాయిస్తుందో బొమ్మ గీసి మరీ చూపించారు. వెనక గదికి అనుమతి పత్రం జత చేశారు. లాయరమ్మ ముచ్చటపడుతూ చదువుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగింది.

పదహారో ప్రశ్న: ఇరుగుపొరుగు వారితో హద్దుల విషయంలో గాని, మరే విషయంలో గాని తగాదాలు ఉన్నాయా?

దానికి ఎదురుగా ఒకే ఒక్క మాట. ‘లేవు.’

“కుళాయి గురించి అరపేజీ రాసిన మనిషి దీనికి ఒక్క మాటతో సరిపెట్టాడు. ఎందుకైనా మంచిది, కొలిపిద్దాం” అంది.

సర్వేయరు వచ్చి సగం రోజు కొలిచాడు. సాయంత్రానికి లాయరమ్మ ఆఫీసులో కుర్చీ లాక్కుని కూర్చుని, పాత ప్లానునూ తన కొలతలనూ పక్కపక్కన పెట్టాడు. ఎడమవైపు ప్రహరీ గోడ ఉండాల్సిన చోట లేదు. పొడుగునా పద్దెనిమిది అంగుళాలు పక్కింటి స్థలంలోకి జరిగి ఉంది.

డ్రైవరమ్మ వంగి ఆ రెండు గీతల మధ్య ఖాళీని వేలితో కొలిచింది. అంగుళం విలువ ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇరుకు సందులో నిండు బస్సును వెనక్కి తీసే మనిషి.

“మూడు దారులున్నాయి” అంది లాయరమ్మ. “ఒకటి, ఇల్లు వదిలేయడం. రెండు, గోడ పగలగొట్టి వెనక్కి కట్టమని మేష్టార్ని అడగడం. అప్పుడు వెనక గది కిటికీ కూడా పోతుంది, ఆ గదికి అటువైపు గోడ అదే. మూడు, పక్కింటాయన ఒప్పుకుని, గోడ ఇప్పుడున్న చోటే హద్దు అని సంతకం చేయడం. ఏదీ తేల్చకుండా కొంటే మాత్రం రేపు ఆ తగాదా మీది అవుతుంది.”

“పక్కింటాయన ఎవరు?”

“కళ్ళద్దాల కొట్టాయన. మేష్టారికీ ఆయనకూ పదకొండేళ్ళుగా మాటల్లేవట.”

మర్నాడు డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే డ్రైవరమ్మ మేష్టారి ఇంటికి వెళ్ళింది. ఆయన వరండాలో కూర్చుని ఉన్నారు. విషయం చెప్పగానే ముఖం కందగడ్డలా అయింది.

“నేను రాసిందాంట్లో అబద్ధం ఏముంది? తగాదా అంటే ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటేనే కదా! మేం మాట్లాడుకోనే మాట్లాడుకోం. ఇక తగాదా ఎక్కణ్ణుంచి వస్తుంది?”

డ్రైవరమ్మకు నవ్వు వచ్చింది. పళ్ళబిగువున ఆపుకుంది. లోపలినుంచి మేష్టారి భార్య గొంతు వినిపించింది.

“అమ్మాయ్, ఇలా రా. ఆయన చెప్పరు గానీ నేను చెప్తాను.”

“నువ్వు ఊరుకో” అన్నారు మేష్టారు.

“పదకొండేళ్ళు ఊరుకున్నాను. చాల్లెండి” అందావిడ.

ఆవిడ మంచం మీద మోకాళ్ళకు గుడ్డ చుట్టుకుని కూర్చుని ఉంది. డ్రైవరమ్మ పక్కన కూర్చున్నాక జరిగింది జరిగినట్టు చెప్పింది. మొదట్లో రెండిళ్ళ మధ్య కర్రల కంచె ఉండేది. ఒక గాలివానకు అది పడిపోయింది. అప్పుడు కళ్ళద్దాలాయన ఊళ్ళో లేడు. భార్యను పెద్దాసుపత్రిలో చేర్చి ఆర్నెల్లుగా అక్కడే ఉంటున్నాడు. ఈలోగా గోడ కట్టేద్దామని మేష్టారు మేస్త్రీని పిలిచారు. మేస్త్రీ టేపు తీస్తే ‘టేపెందుకయ్యా, స్కేలు లేకుండా గీత గీయడం నా వృత్తి’ అని సున్నం ముద్దతో నేల మీద గీత గీసేశారు.

“నిజానికి గీత తిన్నగానే ఉందమ్మా. ఉండాల్సిన చోట లేదు, అంతే.”

కళ్ళద్దాలాయన ఒంటరిగా తిరిగి వచ్చాడు. వచ్చిన వారానికే టేపు తీసుకుని గోడ దగ్గరికి వచ్చాడు. మేష్టారు తప్పు ఒప్పుకుని ఉంటే ఏమయ్యేదో గానీ, ‘నా చేతిగీతనే కొలుస్తావా?’ అని నలుగురి ముందూ అన్నారు. ఆ రోజుతో మాటలు బంద్. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ ఎండాకాలంలోనే పెరట్లో బట్టలుతుక్కోవడానికి సిమెంటు చప్టా పోయించారు. రెండిళ్ళ మురుగు గొట్టాలూ కలిసే గుంట మూత సరిగ్గా దాని కిందే ఉంది.

“తెలియక చేశారా?” అంది డ్రైవరమ్మ.

ఆవిడ వరండా వైపు చూసి గొంతు తగ్గించింది. “తెలియదని నాతో అంటారు. అలా అనేటప్పుడు నా ముఖం చూడరు.”

డ్రైవరమ్మ మరుసటి రోజు మధ్యాహ్నం కళ్ళద్దాల కొట్టుకు వెళ్ళింది. అరవై దాటిన సన్నటి మనిషి, ఎవరిదో ఫ్రేముకు సూదంత మరమేకు బిగిస్తున్నాడు. తలెత్తకుండానే “కూర్చోండి, దూరం చూపా, దగ్గర చూపా?” అన్నాడు.

“నా కళ్ళు బాగానే ఉన్నాయండీ. బస్సు నడుపుతాను. మీ పక్కిల్లు కొందామనుకుంటున్నాను.”

ఆయన చేయి ఆగింది.

“మేష్టారు పంపించాడా?”

“లేదండీ. ఆయన తరఫున రాలేదు. నా కోసం వచ్చాను. నాకు ఆ ఇల్లు కావాలి. దాంతోపాటు తగాదా మాత్రం వద్దు. తగాదాలు లేవు అని మేష్టారు రాసిచ్చారు, మీరేమంటారు?”

ఆయన మేకు పూర్తిగా బిగించి, అద్దాలు మెత్తటి గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టిన తర్వాతే మాట్లాడాడు. కౌంటరు కింది సొరుగులోంచి మడతలు పడ్డ ప్లాను తీసి పరిచాడు.

“ఈ పదకొండేళ్ళలో మీరు ఏమంటారు అని నన్ను అడిగిన మొదటి మనిషివి నువ్వే. గోడ పద్దెనిమిది అంగుళాలు ఇవతలికి వచ్చింది. అది నాకు అప్పుడే తెలుసు. కోర్టుకు వెళ్తే గెలుస్తాననీ తెలుసు. కానీ ఏళ్ళ తరబడి అతని ఎదురుగా బెంచీ మీద కూర్చోవాలి కదా. ఎవరి వల్ల అవుతుంది?” వేలితో ప్లాను మీద ఒక చిన్న చదరం చూపించాడు. “గోడతో నాకు ఇబ్బంది లేదమ్మా. అక్కడ నేను వేసే మొక్కా లేదు, కట్టే గదీ లేదు. నా ఇబ్బంది ఇదిగో, ఈ మూత. వాన గట్టిగా పడ్డప్పుడల్లా నా స్నానాలగదిలో మడమల్లోతు నీళ్ళు. ఇటునుంచి ఎంత పొడిచినా పోదు. తెరవాల్సింది అటువైపు.”

“ఆ చప్టా తీయించి, మూత ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరుచుకునే హక్కు కాగితం మీద రాసిస్తే?”

“నాకే కాదు. నా తర్వాత ఆ ఇంట్లో ఉండేవాళ్ళకు కూడా.”

“అలాగే రాద్దాం. అప్పుడు గోడ ఉన్నచోటే హద్దు అని సంతకం చేస్తారా?”

“చేస్తాను. అయితే ముందు అతను తన చేత్తో ఆ జవాబు దిద్దాలి. లేవు అని రాశాడన్నావే, అది. నా పదకొండేళ్ళు లేనట్టు రాయడానికి అతనెవరు?”

డ్రైవరమ్మ మాట ఇవ్వలేదు. ఇవ్వడానికి అది తన చేతిలో పని కాదు.

మేష్టారు అంతా విని కుర్చీలోంచి లేచారు. “నా కాగితం నేను దిద్దడమా? వాడు చెప్తే? బేరం వద్దు, ఏమీ వద్దు. మీరు కట్టిన అడ్వాన్సు తెచ్చి ఇచ్చేస్తాను. వెళ్ళిరా అమ్మా” అన్నారు. కోపంలో కూడా గేటు వరకూ వచ్చి గొళ్ళెం తీసి పట్టుకున్నారు. ఆయన ముఖంలో ఆమెకు కోపం కన్నా సిగ్గే ఎక్కువ కనిపించింది.

ఇంటికి వచ్చి చెప్తే భర్త నిద్రకళ్ళతోనే మంచం మీద లేచి కూర్చున్నాడు. “పోనీలే, ఇంకోటి చూద్దాం. ఊళ్ళో అదొక్కటే ఇల్లా?” అన్నాడు.

“ఇంకోటి అంటే ఇంకో నలభై రెండు ప్రశ్నలు” అంది అత్తగారు. కోడలి వైపు తిరిగింది. “అమ్మాయ్, నువ్వు చేయాల్సింది చేశావు. ఇద్దరు పెద్దమనుషుల మధ్య నువ్వు బస్సు తోలినట్టు దూరిపోతే కుదరదు. వాళ్ళను వాళ్ళ మానాన వదిలెయ్.”

రెండు రోజులు గడిచాయి. డ్రైవరమ్మ ఆ మలుపులో పన్నెండుసార్లు బస్సు తిప్పింది. పన్నెండుసార్లూ అటు చూడకూడదనుకుంటూనే చూసింది. మరో రెండు ఇళ్ళకు ఫోను చేసి వివరాలు రాసుకుంది. ఒకటి మూడో అంతస్తు. ఇంకోటి రైలు పట్టాల పక్కనే. భర్త పగటి నిద్ర సంగతి దేవుడికే ఎరుక.

మూడో రోజు పొద్దున, సెలవు రోజు, మేష్టారి భార్య ఫోను చేసింది. వెనకనుంచి ధన్ ధన్ అని చప్పుడు.

“అమ్మాయ్, ఒకసారి రాగలవా? మా ఆయన సుత్తి పట్టుకున్నారు. కొడుతున్నది చప్టానో వేళ్ళనో నాకు అర్థం కావడం లేదు.”

డ్రైవరమ్మ వెళ్ళేసరికి పెరట్లో కుర్చీ వేసుకుని ఆవిడ కూర్చుని ఉంది. మేష్టారు లుంగీ పైకి కట్టి, ఉలి మీద సుత్తితో కొడుతున్నారు. చప్టా మూల కొంచెం పెచ్చు లేచింది. ఎడమచేతి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది.

“ఇంతకీ ఎలా ఒప్పించారు పిన్నిగారూ?” అని చెవిలో అడిగింది డ్రైవరమ్మ.

“నేనేం ఒప్పించలేదు. ముప్పై ఐదేళ్ళు పిల్లల చేతికి రబ్బరు ఇచ్చి, తప్పు పోతే చెరుపుకోండిరా అని చెప్పింది మీరే కదా అన్నానంతే. ఐదు పూటలు నాతో పలకలేదు. ఆరో పూట సుత్తి ఎక్కడుంది అన్నారు.”

డ్రైవరమ్మ చీర చెంగు దోపి, సుత్తి అందుకుంది. నాలుగు దెబ్బలకు పెద్ద బీట పడింది. మేష్టారు సిమెంటు ముక్కలు ఏరి పక్కన పోస్తున్నారు. ఇద్దరూ కలిసి అరగంట తవ్వారు. మట్టే తప్ప మూత జాడ లేదు. మేష్టారి ముఖంలో నిరుత్సాహం కనిపించింది. చెమట తుడుచుకుంటూ, “ఇక్కడే ఉండాలే!” అన్నారు.

“అక్కడ కాదు. ఇంకొంచెం ఎడమకి.”

గొంతు గోడ మీదినుంచి వచ్చింది. కళ్ళద్దాలాయన అటువైపు స్టూలు మీద నిలబడి, మెడ వరకే కనిపిస్తున్నాడు. చేతిలో ప్లాను.

మేష్టారి భార్య కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. మేష్టారు తల ఎత్తలేదు. నేల వైపే చూస్తూ అడిగారు.

“ఎంత ఎడమకి?”

“మూడు జానలు. ఉండు, నేనే వస్తాను. నువ్వు మళ్ళీ కంటికొలత వేస్తావు.”

ఆయన ముందు గేటులోంచి వచ్చాడు. భుజం మీద పొడుగాటి ఇనపచువ్వ. టేపు తీసి గోడ మూలనుంచి కొలిచి, కాలి మడమతో గుర్తు పెట్టాడు. మేష్టారు అక్కడ కొట్టారు. పది దెబ్బలు పడేసరికి సుత్తి చప్పుడు మారింది. ఇనుము.

మూత లేపడానికి ముగ్గురూ పట్టాల్సి వచ్చింది. లోపల చెట్ల వేళ్ళూ బురదా గడ్డకట్టుకుపోయి ఉన్నాయి. కళ్ళద్దాలాయన చువ్వతో పొడిచాడు. మేష్టారు బకెట్టుతో తోడారు. డ్రైవరమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని, “పదకొండేళ్ళ కంపు అండీ ఇది, లాయరమ్మ చేత ప్రశ్నల్లో ఇది కూడా చేర్పించాలి” అంటే మేష్టారి భార్య పగలబడి నవ్వింది. ఉన్నట్టుండి పక్కింటి వైపునుంచి గొట్టంలో గుడగుడమని చప్పుడు మొదలై, ఎప్పుడెప్పుడో నిలిచిపోయిన నీరంతా సుడి తిరుగుతూ వెళ్ళిపోయింది. ఆ చప్పుడు ఆగేదాకా నలుగురూ అలాగే వింటూ నిలబడ్డారు.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ మేష్టారు మెల్లగా అన్నారు. “నువ్వు టేపు పట్టుకొచ్చిన రోజు... నేను చూసి ఉండాల్సింది.”

కళ్ళద్దాలాయన గోళ్ళ సందుల్లో బురద తీసుకుంటూ ఉన్నాడు.

“నేనూ ఒక నెల ఆగి రావాల్సింది. ఇల్లంతా ఖాళీగా ఉండేది. ఎవరితోనైనా పోట్లాడాలని ఉండేది అప్పుడు. నువ్వు దొరికావు” అన్నాడు చివరికి.

“ఆవిడ పోయి నువ్వు ఒంటరిగా తిరిగొచ్చినప్పుడు నేను గుమ్మం దాకా వచ్చాను. లోపలికి రాలేకపోయాను.”

“తెలుసు. కిటికీలోంచి చూశాను.”

మేష్టారి భార్య కళ్ళు ఒత్తుకుని, “ఇద్దరూ ముందు కాళ్ళు కడుక్కోండి. వరండా అంతా పాడు చేసి అమ్మితే ఈ అమ్మాయి కొనదు” అని గద్దించింది.

లాయరమ్మ ఆఫీసులో ఐదు కుర్చీలు చాలక పక్క గదిలోంచి రెండు తెచ్చారు. ఆమె ఒప్పందం పైకి చదివింది. గోడ ఇప్పుడున్న చోటే రెండిళ్ళకూ హద్దు. పెరట్లోని మురుగు గుంట మూతను పక్కింటివారు ముందుగా చెప్పి, పగటిపూట తెరిచి బాగుచేసుకోవచ్చు. దాని మీద ఎవరూ ఏదీ కట్టకూడదు.

“ఇది మీ మనుషుల మధ్య మాట కాదు, రెండిళ్ళ మధ్య మాట. రేపు ఎవరు కొన్నా, ఎవరు అమ్మినా దస్తావేజుతోపాటే వెళ్తుంది” అని వివరించింది. తర్వాత ప్రశ్నల కాగితం మేష్టారి ముందు పెట్టింది.

మేష్టారు జేబులోంచి తన పెన్ను తీశారు. ‘లేవు’ను ఒక్క గీతతో కొట్టేశారు. పక్కన చోటు చాలక, కాగితం వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టారు. గోడ ఎప్పుడు కట్టింది, ఎవరు లేనప్పుడు కట్టింది, ఎంత జరిగింది, చప్టా ఎవరు పోయించారు, మూత అక్కడుందని తెలిసే పోయించారు అన్న మాటతో సహా. కళ్ళద్దాలాయన కొత్త జోడు పెట్టుకుని ప్రతి వాక్యం చదివాడు. ఒకచోట ఆగాడు. “అంగుళాలు సరిగ్గానే రాశావు” అన్నాడు. అందరికన్నా ముందు ఆయనే సంతకం చేశాడు.

అంత పొడుగు జవాబు తన ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదంది లాయరమ్మ. పెన్ను మూత ఎక్కడ పెట్టిందో కూడా మరిచిపోయింది.

రిజిస్ట్రేషను ఆఫీసులో గంటన్నర వరుసలో నిలబడ్డారు. వేలిముద్రల సిరా అంటిన చేతులతోనే మేష్టారు తాళాలు ఇచ్చారు. ఇచ్చాక మళ్ళీ తీసుకుని, ఏ తాళం ఏ తలుపుదో చెప్పి, మళ్ళీ ఇచ్చారు. ఫ్లాటు రెండు వీధుల అవతలే. ‘ఆదివారాలు చదరంగానికి కళ్ళద్దాలాయన వస్తానన్నాడు, చూడాలి ఎంతకాలం సాగుతుందో’ అని భార్య డ్రైవరమ్మతో అంది. అన్న తీరు చూస్తే చాలాకాలమే సాగేట్టుంది.

నెలాఖరుకు రెండు రోజుల ముందు సామాను చేరింది. మొదటి రాత్రి డ్రైవరమ్మ ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. తెల్లారి ఇంకా వెలుతురు పూర్తిగా రాకముందే ఫోను మోగింది. భర్త.

“ఏమోయ్, లోపల గడియ పెట్టుకున్నారా? పావుగంటనుంచి తలుపు కొడుతున్నాను, ఎవరూ పలకరేం?”

డ్రైవరమ్మ లేచి వెళ్ళి తలుపు తీసి చూసింది. వరండాలో ఎవరూ లేరు.

“ఎక్కడున్నారండీ మీరు?”

అవతల చెప్పులు రెండడుగులు వెనక్కి వేసిన చప్పుడు. తర్వాత, పన్నెండు గంటలు పొయ్యి ముందు నిలబడి వచ్చిన మనిషి నవ్వు, ముందు సన్నగా, తర్వాత ఆపుకోలేనంతగా.

“అలవాటు ప్రకారం పాత ఇంటికి వచ్చేశానే. ఓనరుగారి తలుపు బాదుతున్నాను. పైన లైటు కూడా వేశారు!”

“అయ్యో రామా! క్షమించమని చెప్పి త్వరగా రండి” అంది ఆమె, నవ్వు ఆపుకోలేక గుమ్మానికి ఆనుకుంటూ.

“వస్తున్నా. చేతిలో వేడి రొట్టె ఉంది. దారి చెప్పు.”

“బస్సు మలుపు తిరగంగానే ఎడమవైపు రెండో ఇల్లు” అంది డ్రైవరమ్మ. ఒక్క క్షణం ఆగి, నోరారా, మళ్ళీ అంది. “మన ఇల్లు.”

లోపలినుంచి అత్తగారు, “ఎవరే పొద్దున్నే?” అని కేకేసింది. డ్రైవరమ్మ జవాబు చెప్పకుండా గేటు తెరిచి పెట్టి, వీధి చివర భర్త నడక కనిపించే దాకా చలిలో అక్కడే నిలబడింది.